రెండో గదిలో క్యాలెండర్

సెప్టెంబరు 3, బుధవారం

ఈ రోజు కొత్తగా తెలిసిన సంగతి: మా ఇంట్లో మేము కాపురం ఉంటున్నట్టు లేదట.

ఈ మాట అన్నది మా డైరెక్టరమ్మ. ముప్పై ఏళ్ళ పిల్ల, చిన్న సినిమా, పెద్ద ఆశలు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుని ఒకే ఇంట్లో ఉండే కథ తీస్తోంది. కంటిన్యూటీ చూడటానికి నన్ను పెట్టుకుంది. ఒక షాటులో హీరో గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటే తరవాతి షాటులోనూ ఎడమచేత్తోనే పట్టుకున్నాడా, చొక్కా మూడో గుండీ ముందు పెట్టుకున్నాడా లేదా, ఇవన్నీ రాసుకుని, ఫోటోలు తీసుకుని, తేడా వస్తే అరవడం నా పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే అరుపు.

కథకి తగ్గ ఇల్లు ఎక్కడా దొరకలేదని, "సార్, మీరూ మీ ఫ్రెండూ ఉండే ఫ్లాట్ ఒకసారి చూడొచ్చా" అని అడిగింది. చూసింది. హాలు, వంటిల్లు, పెద్ద గది, రెండో గది అన్నీ తిరిగి వచ్చి ఆర్ట్ డైరెక్టర్‌తో, "వెలుతురు బాగుంది, కానీ ఇద్దరు గేలు కలిసి ఉండే ఇల్లులా లేదు. ఆ ఫీల్ రావట్లేదు" అంది. అతను గడ్డం గోక్కుని, నిజమే, రంగులు చాలవు అన్నాడు.

తొమ్మిదేళ్ళ కాపురం. ఫీల్ రావట్లేదు.

ఆ 'ఫ్రెండు', అంటే మా మాస్టారు, వంటింట్లో టీ పెడుతూ అంతా విన్నాడు. అందరికీ కప్పులు అందించి, మీకు ఎలా కావాలంటే అలా మార్చుకోండమ్మా అన్నాడు. వాళ్ళు వెళ్ళాక సింకు పట్టుకుని పది నిమిషాలు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి అంతసేపు నవ్వి చాలా రోజులైంది.

సెప్టెంబరు 5, శుక్రవారం

మాస్టారి ప్రశ్న: ఇలాంటి సినిమా తీసే మనిషికి కూడా మన సంగతి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?

నా జవాబు బాగానే వచ్చింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. పనిచేసే చోటికి సొంత విషయాలు తేకూడదు. యూనిట్‌లో ఒకరికి చెబితే ముప్పైమందికి చెప్పినట్టు. పైగా చెప్పానంటే రోజూ సలహాలు అడిగి చంపుతారు. ఇంకో కారణం కూడా ఉండేది గానీ, ఈలోపు మాస్టారు ఎనిమిదో తరగతి లెక్కల నోటుబుక్కులు ముందేసుకుని ఎర్ర పెన్ను మూత తీశాడు. నోటుబుక్కులు బయటికొచ్చాయంటే మా ఇంట్లో మాటలు అయిపోయినట్టే.

సెప్టెంబరు 8, సోమవారం

ఏప్రిల్లో అక్కావాళ్ళు వచ్చి వెళ్ళినప్పుడు మాస్టారు ఒక మాట అన్నాడు. ఇంకోసారి మీ అక్క వస్తే నా తలగడ రెండో గదిలోకి జరగదు అని. ఏదో అలసటలో అన్నాడులే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 11, గురువారం

ఇల్లు గే అయింది. కిటికీలకి ఊదారంగు తెరలు. గోడమీద ఒకళ్ళనొకళ్ళు చుట్టుకున్న ఇద్దరు మగవాళ్ళ బొమ్మ, ఎవరి చెయ్యి ఎవరిదో తేల్చుకోవడానికి నాకు కంటిన్యూటీ షీటు కావలసివచ్చింది. సోఫామీద మెరుపుల దిండ్లు. మాస్టారు మోకాళ్ళకి రాసుకునే నొప్పుల మందు సీసా మంచం పక్క బల్లమీద ఉండేది. రాత్రి ఎడమ మోకాలు తను రాసుకుంటాడు, కుడి మోకాలు నేను రాస్తాను. ఆ సీసా తీసేసి సువాసన కొవ్వొత్తి పెట్టారు. ప్రేమ కనబడాలట.

ఏ వస్తువు ఎక్కడ ఉండేదో మళ్ళీ పెట్టుకోవడానికి అన్ని గదులకీ ముందే ఫోటోలు తీసిపెట్టాను.

సెప్టెంబరు 15, సోమవారం

హీరో చాలా శ్రద్ధగల కుర్రాడు. పాత్రలోకి దిగడానికి పుస్తకం పెట్టుకుని తిరుగుతున్నాడు. ఈ మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచి, "అన్నా, వీళ్ళు కప్పు ఎలా పట్టుకుంటారు?" అని అడిగాడు. చేత్తో అన్నాను. రాసుకున్నాడు.

తరవాత ఇంకో రహస్యం చెప్పాడు. రెండు రోజులుగా మాస్టారినే గమనిస్తున్నాడట. "మీ ఫ్రెండ్‌ని చూస్తే మామూలు మగాడు ఎలా నడుస్తాడో, ఎలా కూచుంటాడో బాగా తెలుస్తోందన్నా. నేను దానికి పూర్తిగా వ్యతిరేకంగా చేసేస్తే సరిపోతుంది."

సాయంత్రం ఈ మాట మాస్టారికి చెబితే పొలమారింది. మామూలు మగాడి వీపు నేనే తట్టాను.

సెప్టెంబరు 18, గురువారం

షీటు దొరికింది. దొరకకూడని చేతికి దొరికింది.

రెండో గది బీరువా తలుపు లోపలివైపు నేను అంటించుకున్న కాగితం అది. పైన 'అక్క రాక' అని ఉంటుంది. నా కంటిన్యూటీ షీట్లలాగే గళ్ళు గీసి, వస్తువు, స్థానం, గమనిక అని రాసుకున్నది. ఆర్ట్ డైరెక్టర్ అది ఈ సినిమా షీటే అనుకున్నాడు. అనుకుని, పాపం, రెండో గదిని అక్షరాలా ఆ ప్రకారం సర్దేశాడు.

సర్దిన గది చూసి డైరెక్టరమ్మకి అర్థం కాక, ఇదేంటి అని కాగితం తీసుకుని యూనిట్ అందరి ముందూ పైకి చదివింది. అతని బ్రష్షు చిన్న బాత్రూములోకి. అతని తలగడ రెండో గదిలోకి. పక్క నలపాలి, ఒక మనిషి పడుకుని లేచినట్టు. కళ్ళజోడు కిటికీ అంచున. ఇద్దరూ కొండమీద దిగిన ఫోటో బట్టల కింద. మాట్లాడేటప్పుడు మీరు అనాలి, నువ్వు అని నోరు జారకూడదు.

ఆఖరు వరస రెండోసారి చదివింది. ఇది ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను.

"మీకెలా తెలుసు సార్ ఇదంతా?"

ముప్పైమంది నావైపు చూస్తున్నారు. అప్పుడే బడినుంచి వచ్చిన మాస్టారు గుమ్మంలో సంచీతో నిలబడ్డాడు. అతనూ చూస్తున్నాడు.

"నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడల్లా ఇలా చేస్తుంటారు" అన్నాను.

డైరెక్టరమ్మ తన కథలో లేనిదేదో ఇప్పుడు తెలిసిందంది. సినిమాకి ఇదే గుండెకాయ అంది. కూచుని అప్పటికప్పుడు సీను రాసేసింది. నా పేరు కూడా తెరమీద వేస్తుందట, 'అదనపు ఆలోచన' అని. తొమ్మిదేళ్ళు పడ్డ అవస్థకి మంచి పేరే పెట్టింది.

మాస్టారు రాత్రి అన్నం తింటూ ఒక్క మాటే అన్నాడు. "నీకు తెలిసినవాళ్ళు మంచివాళ్ళేనా?"

సెప్టెంబరు 22, సోమవారం

సీను తీశారు. చేతులు దులుపుకున్నంత తేలిగ్గా రాసేద్దామని కూచున్నాను, అవడం లేదు.

హీరో మాస్టారి బ్రష్షు తీసుకుని చిన్న బాత్రూములో పెట్టాడు. నిజంగా మాస్టారి బ్రష్షే, ఆర్ట్ డైరెక్టర్‌కి అదే నచ్చిందట. తలగడ తీసుకెళ్ళి రెండో గది మంచంమీద వేశాడు. కొండమీద ఫోటో బదులు వాళ్ళిద్దరిదీ ఒకటి తీసి బట్టల కింద దాచాడు. దాచి, మంచంమీద కూచుని, ఎవరూ చెప్పకుండానే ఏడ్చాడు. తొమ్మిదో టేకు. వ్యతిరేకంగా చెయ్యడం మర్చిపోయాడు. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. లైట్లు పట్టుకునే పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి, పక్కమీద ముడతలు ఎనిమిదో టేకుతో కలవడం లేదు, మళ్ళీ తియ్యాలి అన్నాను. నా వృత్తిధర్మం నేను నెరవేర్చాను.

సెలవు పెట్టి మరీ చూడటానికి వచ్చాడు మాస్టారు. మూలన ఒక స్టూలు మీద కూచుని, తొమ్మిది టేకులూ చూశాడు.

సర్దుకునేటప్పుడు డైరెక్టరమ్మ నా దగ్గరికి వచ్చి, ఆ తెలిసినవాళ్ళని ఒకసారి కలవాలని ఉందంది. వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలని ఉందంది. మాస్టారు స్టూలు మీదనుంచి లేచాడు. నావైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లాడు సరైన లెక్క రాస్తాడేమోనని చూసే చూపు. ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

"కుదరదమ్మా. వాళ్ళు విడిపోయారు" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. ఇంకో ప్రశ్న రాకుండా ఉంటుందని అనుకుంటా. రాలేదు. ఆమె అయ్యో అని వెళ్ళిపోయింది.

ఆరుగంటలకల్లా మాస్టారి పెట్టె సర్దడం అయిపోయింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఏదో అనేశాను, దానికి ఇంత రాద్ధాంతం ఎందుకు అన్నాను. అతను కోపంగా కూడా లేడు.

"విడిపోయారట కదా. నువ్వే చెప్పావు. వేరేవాళ్ళకి చెప్తుంటే నేను వినాల్సి వచ్చింది, అంతే."

తలగడ కూడా తీసుకుపోయాడు.

సెప్టెంబరు 23, మంగళవారం

మాస్టారు తోటి టీచరు ఇంట్లో ఉన్నాడు. షూటింగ్ గోలలో పేపర్లు దిద్దుకోవడం కష్టం కదా. మంచిదే.

సెప్టెంబరు 24, బుధవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. మంచం మధ్యలో పడుకోవచ్చు.

సెప్టెంబరు 25, గురువారం

మంచం మధ్యలో నిద్ర పట్టదు.

సెప్టెంబరు 27, శనివారం

మా ఇంట్లో షూటింగ్ అయిపోయింది, ఒకటి రెండు ముక్కలు తరవాత వచ్చి తీసుకుంటారట. ఊదా తెరలు, దిండ్లు, ఆ చేతుల బొమ్మ అన్నీ వ్యానెక్కాయి. నా ఫోటోలు చూసుకుంటూ ఆర్ట్ డైరెక్టర్ ప్రతి వస్తువూ యథాస్థానంలో పెట్టాడు. నొప్పుల మందు సీసా బల్లమీదకి వచ్చింది. మోకాళ్ళే రాలేదు.

రెండో గదిలో మాస్టారి బడివాళ్ళ క్యాలెండర్ తగిలిస్తూ, "ఏప్రిల్ మీదే ఉంచాలా సార్?" అని అడిగాడు. ఫోటోలో ఎలా ఉంటే అలాగే అన్నాను. ఇరవై రెండేళ్ళలో నేను ఎవరికైనా చెప్పేది ఇదొక్కటే కదా.

సెప్టెంబరు 30, మంగళవారం

అక్క ఫోను. తొమ్మిదో తేదీన వస్తున్నారు, బావగారి కళ్ళు డాక్టరుకి చూపించాలట. నాలుగు రోజులుంటారు. మాస్టారు బాగున్నారా అని అడిగింది. బాగున్నారు అన్నాను. పక్కనుంచి బావగారి గొంతు, చదరంగం బల్ల దుమ్ము దులిపి ఉంచమను అని.

బావగారు బళ్ళ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ తనిఖీ వదల్లేదు. మా ఇంటికి వస్తే కుళాయిలు, స్విచ్చులు, కిటికీ గడియలు అన్నీ పరీక్ష రాయాలి. ఆయన భయానికే గదా ఆ షీటు అంత వివరంగా రాసుకున్నది. ఆయనకి, మాస్టారికి మాత్రం భలే స్నేహం.

అక్టోబరు 2, గురువారం

మాస్టారికి మెసేజ్ పెట్టాను. నాలుగంటే నాలుగు రోజులు వస్తే చాలు, అక్కావాళ్ళు వెళ్ళాక నీ ఇష్టం అని.

జవాబు వచ్చింది. "వేషాలు వెయ్యడానికి హీరో ఉన్నాడుగా, అడుగు."

అక్టోబరు 7, మంగళవారం

ఒక్కణ్ణే సర్దడం మొదలుపెట్టాను. మాస్టారు పరాయి ఊరు పరీక్షల పనిమీద వెళ్ళాడని చెప్పొచ్చు. అయినా గది ఉండాలి కదా. మనిషి లేకపోయినా మనిషి పడుకున్నట్టు పక్క ఉండాలి. ఇందులో నాకున్నంత అనుభవం ఎవరికుంది.

ప్రతిసారీ అక్కావాళ్ళు రాకముందు ఒకటి, వెళ్ళాక ఒకటి ఫోటో తీస్తాను. సీను మొదలు, సీను ఆఖరు. వృత్తి జబ్బు. తొమ్మిదేళ్ళవీ ఉన్నాయి. మాస్టారు లేడు కాబట్టి ఏదీ మర్చిపోకూడదని అన్నీ కంప్యూటర్లో జతలుగా వేసుకుని చూశాను.

ఈ ఏప్రిల్, రాకముందు: క్యాలెండర్ జనవరి, అంటే కొత్తది తగిలించిన నెల. వెళ్ళాక: ఏప్రిల్.

కిందటి అక్టోబరు, రాకముందు: మార్చి. వెళ్ళాక: అక్టోబరు.

దానికి ముందుది, జనవరి, మార్చి. ఆ ముందు ఏడాదివి, దానికి ముందు ఏడాదివి. పద్దెనిమిది జతలు చూశాను. ప్రతి జతలోనూ ఇంతే. అక్కావాళ్ళు వచ్చినప్పుడు ఆ గదిలో క్యాలెండర్ ఎప్పటి నెల దగ్గరో ఆగిపోయి ఉంది. వెళ్ళేసరికి సరైన నెల నడుస్తోంది.

ఒకడు ఆ గదిలో రోజూ పడుకుని లేస్తున్నాడని బావగారిని నమ్మించడానికి బ్రష్షు, కళ్ళజోడు, పక్కమీద ఎన్ని ముడతలుండాలో కూడా రాసుకున్నాను. ఎదురుగోడ మీద ఇంతెత్తున 'ఇక్కడ ఆరు నెలలుగా ఎవరూ లేరు' అని వేలాడుతుంటే చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా తెలిసింది. నా కంటికి కిందటి ఫోటోతో కలిస్తే చాలు, అంతా సరిగ్గా ఉన్నట్టే. కొత్తది తగిలించినప్పుడు తప్ప క్యాలెండర్ ప్రతిసారీ కలిసింది. కలవకూడదని తట్టలేదు. మనిషి ఉండే గది కిందటి ఫోటోలా ఉండదు.

మాస్టారే తిప్పి ఉంటాడు. లెక్కల మనిషి కదా. మెసేజ్ పెట్టాను, రెండో గదిలో క్యాలెండర్ ప్రతిసారీ నువ్వే తిప్పేవాడివా అని.

"ఏ క్యాలెండర్?" అని వచ్చింది.

అక్టోబరు 8, బుధవారం

గాలికి తిరిగి ఉంటుంది. ఫ్యాను అయిదులో పెట్టి గంటసేపు ఎదురుగా కూచున్నాను. కాగితం అంచు కూడా లేవలేదు. తొమ్మిదేళ్ళపాటు ఏటా రెండుసార్లు సరిగ్గా అక్కావాళ్ళు వచ్చిన నెల దగ్గరే ఆగిన గాలి, ఇవాళ నా ముందు మొహమాటపడింది.

క్యాలెండర్ ఏప్రిల్ మీదే ఉంచాను. కావాలనే.

అక్టోబరు 9, గురువారం

పదిన్నరకి దిగారు. బావగారు బూట్లు విప్పుతూనే మాస్టారేరీ అన్నారు. పరీక్షల పనిమీద వెళ్ళారండి అన్నాను. పరీక్షలు ఈ నెల్లోనా అన్నారు. ఆయన ఉసూరుమంటూ సోఫాలో కూలబడి, దులిపి పెట్టిన చదరంగం బల్లవైపు చూస్తూ ఉండిపోయారు.

అక్క మంచినీళ్ళు కూడా తాగకుండా చేతిసంచీతో సరాసరి రెండో గదిలోకి వెళ్ళింది. ప్రతిసారీ అంతే చేస్తుంది, ఆ గది బాల్కనీలో తువ్వాలు ఆరేసుకోవడానికని అనుకునేవాణ్ణి. తలుపు ఓరగా ఉంది. నేను హాల్లో నిలబడ్డాను. కాగితం చప్పుడు వినిపించింది. మళ్ళీ వినిపించింది. లెక్కపెట్టాను. ఆరుసార్లు.

ఏప్రిల్‌కి అక్టోబరు ఎంత దూరమో ఇరవై రెండేళ్ళ కంటిన్యూటీలో మొదటిసారి సరిగ్గా తెలిసింది.

తొమ్మిదేళ్ళు నేను వేయించిన నాటకానికి ఎవరు ప్రేక్షకులు అనుకున్నానో ఆవిడకి కథ మొదటిరోజే తెలుసు. తెలిసి ఊరుకోకుండా తెర వెనక సాయం కూడా చేసింది. డబ్బింగు తప్ప అన్నీ చేసింది.

వంటింట్లోకి వచ్చి గ్లాసు అందుకుంది. బావగారికి వినపడకుండా కుళాయి తిప్పింది.

"ఆ గదిలో ఆయన ఉండరని నాకు ఎప్పుడో తెలుసురా. ఇంట్లోనే లేకపోవడం ఇదే మొదటిసారి. ఆ మంచంమీద తలగడ ఆయనది కాదు. ఏం చేశావు?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. తప్పంతా ఆవిడదే అన్నట్టు అడిగాను, సిగ్గులేకుండా.

"నువ్వు చెప్పాల్సింది నేనెలా చెప్తాను? అంత కష్టపడి పక్క నలుపుతావు. సరిగ్గా నలపలేదురా అని చెప్పనా?" అంది. బావగారు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు క్యాలెండర్ చూస్తారట, బళ్ళు తనిఖీ చేసిన అలవాటు. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ముందు చూసింది కాబట్టి సరిపోయిందట. అప్పటినుంచి ఇంట్లోకి రాగానే ఆ పని చూసుకునేదట.

జరిగింది చెప్పాను. సినిమా, షీటు, తెలిసినవాళ్ళు, విడిపోయారు, అన్నీ. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని కుళాయి కట్టేసింది. ఇక బావగారికి వినపడినా ఫరవాలేదన్నట్టు కట్టేసింది.

"నేను తొమ్మిదేళ్ళు ఆ పేజీలు తిప్పింది మీరిద్దరూ ఒకచోట ఉంటారనిరా. నువ్వొక్కడివే ఉంటావని కాదు."

మా అక్క ముందు ఏడవడం నేను పదేళ్ళ వయసులో మానేశాను. ఇవాళ మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, కూరకి ఏముందని అడిగింది.

అక్టోబరు 10, శుక్రవారం

మాస్టారి బడి గేటు దగ్గర నిలబడ్డాను, సాయంత్రం గంట కొట్టే వేళకి. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లుల మధ్య నేనొక్కణ్ణి. ఒకావిడ మీ పాప ఏ క్లాసండీ అని అడిగింది.

మాస్టారు నన్ను చూసి ఆగాడు. క్యాలెండర్ సంగతి చెప్పాను. గేటు కమ్మీ పట్టుకున్నాడు. తరవాత, "పద్దెనిమిదిసార్లా?" అన్నాడు. పద్దెనిమిది అన్నాను. మా ఇద్దరికంటే ఆవిడకే ఓపిక ఎక్కువ అన్నాడు.

ఇంటికి రమ్మన్నాను. తప్పు నాదే, నాకు భయం, నువ్వు లేకపోతే నాకు బాగాలేదు అన్నాను. ఇవి మూడూ ఒకే గుక్కలో చెప్పడం నా జీవితంలో మొదటిసారి.

అతను లొంగలేదు. "మీ అక్కకి నువ్వు చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది. ఆ అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పావు, విడిపోయారని. ఎవరి ముందు చెప్పావో వాళ్ళ ముందే సరిచెయ్యి. తరవాత వస్తాను."

లెక్క తప్పయితే కొట్టేసి పక్కన రాయనివ్వడు, పేజీ మార్చి మొత్తం మళ్ళీ చెయ్యమంటాడు. ఎనిమిదో తరగతి పిల్లల కష్టం నాకు ఇప్పుడు తెలిసింది.

అక్టోబరు 12, ఆదివారం

అక్కావాళ్ళు వెళ్ళారు. బావగారి కళ్ళకి ఢోకా లేదన్నాడట డాక్టరు. అంత మంచి కళ్ళు పెట్టుకుని ఆయనకి ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు, ఈసారి మాస్టారు ఉన్నప్పుడే పిలువయ్యా, నువ్వొక్కడివే ఉంటే ఇల్లు ఇల్లులా లేదు అన్నారు. ఆయనకి నెమ్మదిగా నేను చెప్తాలే అంది అక్క, మెట్లు దిగుతూ.

అక్టోబరు 14, మంగళవారం

మిగిలిన ముక్కలు తియ్యడానికి యూనిట్ మా ఇంటికి వచ్చింది. అదే ముప్పైమంది. ఇవాళ సరిచేస్తాను, బడి అయ్యాక రా అని మాస్టారికి పొద్దున్నే మెసేజ్ పెట్టాను. కెమెరా రెండో గదిలో పెట్టారు. డైరెక్టరమ్మ అంతా సిద్ధమేనా సార్ అంది. ఒక తప్పుంది అన్నాను. క్యాలెండర్ సంగతి చెప్పాను. ఎవరూ ఉండని గదిలో నెల మారదని, దాన్ని ఆ ఇద్దరూ చూసుకోలేదని, వచ్చిన అక్క ప్రతిసారీ లోపలికి వెళ్ళి పేజీలు తిప్పేదని.

ఆమె అలాగే కుర్చీలో కూచుండిపోయింది. మీకు తెలిసినవాళ్ళు చెప్పారా, విడిపోయారన్నారు కదా అంది.

చేతిలో ప్యాడ్ ఉంది. దాన్ని మంచంమీద పెట్టాను.

"విడిపోలేదమ్మా. అబద్ధం చెప్పాను. ఆయన సాయంత్రం బడి అయ్యాక వస్తారు. ఇది మా ఇల్లు. ఈ పక్క తొమ్మిదేళ్ళనుంచి నలుపుతున్నది మేమిద్దరమే."

లైట్ల పెద్దాయన, నాకు ఆ రోజే అనుమానం వచ్చింది బాబూ అన్నాడు. ఆర్ట్ డైరెక్టర్ కిటికీవైపు చూశాడు. ఊదా తెరలు గుర్తొచ్చి ఉంటాయి. హీరో తన పుస్తకం తీసి, ఎక్కడో ఒక పేజీ వెతుక్కుని, మామూలు మగాడు అని రాసుకున్నదంతా నిలువునా గీత గీసి కొట్టేశాడు. నేను చూస్తున్నానని తెలిసి చెవులదాకా ఎర్రబడ్డాడు. డైరెక్టరమ్మ దణ్ణం పెట్టడానికి లేచింది, నిజంగానే కాళ్ళదాకా వంగబోయింది. ఇప్పుడు ఫీల్ వస్తోందా అమ్మా అని అడిగాను. మొహం చేతుల్లో దాచుకుంది.

అక్క వేషం వేసినావిడ పేజీలు తిప్పే షాటు ఒక్క టేకులో అయిపోయింది. నేను మళ్ళీ తియ్యమని అరవలేదు.

అయిదింటికి మాస్టారు వచ్చాడు. పెట్టె ఒక చేతిలో, చంకలో తలగడ. గుమ్మంలో ఆగి అందరి మొహాలూ చూశాడు. చెప్పానో లేదో నన్ను అడగలేదు, వాళ్ళ మొహాలమీదే ఉంది జవాబు. తలగడ పెద్ద గదిలో పడేసి, అందరికీ టీ పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక రెండో గది బీరువా తెరిచి ఆ షీటు పీకాడు. లెక్కల నోటుబుక్కుల పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్నుతో పైనుంచి కిందకి చదివి, అడ్డంగా ఒక గీత కొట్టాడు. కింద, పిల్లలకి రాసే గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'ఇక చెయ్యనక్కర్లేదు.'

అక్టోబరు 15, బుధవారం

మంచం మధ్యలో చోటు లేదు. గదంతా నొప్పుల మందు వాసన. ఫీల్ బాగానే వస్తోంది.